జమా ఖర్చులు: పనిచేస్తే తప్పు, కూర్చుంటే పస్తు



చాలా నెలలుగా ఈ పేజీలో గుమాస్తా కనిపించకపోయేసరికి, ఉద్యోగం మానేశాడా, ఊరు మారాడా, లేక సంపాదకులతో చెడిందా అని కొందరు మిత్రులు ఉత్తరాలు రాశారట. ఉద్యోగం మానలేదు. ఊరూ మారలేదు, ఈ బరంపురంలోనే వున్నాను. సంపాదకులు నామీద చూపే దయలో వీసమెత్తు తగ్గలేదు. మారింది ఒక్కటే. అందరికీ రెండు మూత్రపిండాలుంటే నాకిప్పుడు మూడు వున్నాయి.

పరిహాసం కాదు సుమండీ. కిడ్నీ మార్చడమంటే పాతవి తీసి పారేసి కొత్తది బిగిస్తారని నేనూ అనుకున్నాను. అలా చెయ్యరు. పాతవి రెండూ వాటి చోటనే వుంటాయి, పని మానుకుని అరుగు మీద కూర్చున్న ముసలి గుమాస్తాల్లాగ. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కకు అమరుస్తారు. ఇంటి పనంతా కొత్త కోడలు చేసినట్టు అదే చేస్తుంది. నాకు కుడి పక్కన అమర్చారు. చెయ్యి వేసి చూసుకుంటే చిన్న ఎత్తుగా తగులుతుంది.

ఈ పేజీ పేరు జమా ఖర్చులు గనక, ఈ వ్యవహారంలో నాకు జమ అయినదేమిటి, ఖర్చయినదేమిటి, ఏ పద్దు ఇంకా తేలలేదు అన్నది చెప్పుకుంటాను. రోగం కథ అందరి దగ్గరా ఒకటే. దానితో పాటు వచ్చే కాగితాల కథ, ఖాళీ డబ్బా కథ ఎవరూ చెప్పరు. నలుగురికీ పనికివచ్చేది అదే.

ముందు రోగం సంగతి రెండు ముక్కల్లో. నాకు రక్తపు పోటు పదేళ్లుగా వుంది. మాత్రలు వేసుకున్న నెల వేసుకున్నాను, తల నొప్పి లేని నెల మానేశాను. రక్తపు పోటుకు నొప్పి వుండదు, అదే దాని మోసం. కాళ్లు వాచి, అన్నం సహించక, రాత్రి పడుకుంటే ఊపిరాడక డాక్టరుగారి దగ్గరకు పోయేసరికి రెండు మూత్రపిండాలూ లెక్కకు రాకుండా పోయాయి. ఎనిమిది నెలలు డయాలిసిస్. వారానికి రెండు సార్లు, ఒక్కొక్క సారి నాలుగు గంటలు. యంత్రం నెత్తురు తీసుకుని కడిగి తిరిగి ఇస్తూ వుంటే, పై కప్పు కేసి చూస్తూ నెల జీతం లెక్క వేసుకుంటూ వుండేవాణ్ణి.

తరువాత మా అప్ప వచ్చింది.

ఈ పత్రిక మద్రాసు దాకా, బెంగుళూరు దాకా పోతుంది గనక ఒక మాట. అరవదేశంలో వున్న మనవాళ్లు అప్ప అంటే తండ్రి అనుకునేరు. మా గంజాం, శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. ఆమెను ఇచ్చాపురం ఇచ్చారు. బరంపురం నించి రైలెక్కితే అరగంట ప్రయాణం. మా బావకు కొద్దిగా కొబ్బరి తోట వుంది. అప్ప జీడి బట్టీలో పప్పు ఒలిచే పనికి పోతుంది. ఒలిచిన దాన్ని తూచి కిలోకి ఇంతని ఇస్తారు. ఆ వైపు ఊళ్లను ఉద్దానం అంటారని మీకు తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా కిడ్నీ రోగులే. ఎందరో డాక్టర్లు పరిశోధించారు, కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ జబ్బుల కోసం 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అలాంటి ఊళ్లో వుంటూ, చుట్టూ ఆ రోగంతో పోయినవాళ్లను చూస్తూ, తనకున్న రెంటిలో ఒకటి తీసి ఇస్తానంది. నేను వద్దంటే ఆమె అన్న మాట ఇది: "ఏట్రా, నాకు రెండున్నాయి, నీకు ఒకటీ లేదు. ఈ లెక్కకి మెట్రిక్ చదవాలేటి?"

మొదట అప్పకే పరీక్షలన్నీ చేశారు. ఆమె ఆరోగ్యంగా వుందని, రెండోది చాలునని తేలాకనే ఒప్పుకున్నారు. మన దేశంలో అవయవాల చట్టం 1994లో వచ్చింది. అమ్మడం, కొనడం నేరం. భార్యాభర్తలు, తలిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు వంటి దగ్గరి బంధువులు ఇవ్వవచ్చు. తాతలు, అమ్మమ్మలు, మనుమలను 2011లో చేర్చారు. అయితే తోబుట్టువులమని రుజువు చేసుకోవాలి. ఆమెది అత్తవారి ఇంటిపేరు, నాది పుట్టింటిది. ఆమె కాగితాలు ఆంధ్రలో, నావి ఒడిశాలో. మా నాన్నగారి పేరు ఆ రాష్ట్రంలో ఒక విధంగా, ఈ రాష్ట్రంలో మరొక విధంగా రాసి వుంది. ఒక తల్లి కడుపున పుట్టిన మేము అక్కా తమ్ముళ్లమని నమ్మించడానికి రెండు నెలలు పట్టింది.

2024 నవంబరులో విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఆపరేషను జరిగింది. ఇలాంటి ఆపరేషను ప్రపంచంలో మొదట విజయవంతంగా చేసింది 1954 డిసెంబరులో, అమెరికాలోని బోస్టను నగరంలో, డాక్టర్ జోసెఫ్ మర్రే. ఒకే పోలిక కవలలలో ఒకరిది తీసి మరొకరికి పెట్టారు. ఆయనకు 1990లో నోబెల్ బహుమానం వచ్చింది. మన దేశంలో 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో విజయవంతంగా చేశారు. నేను పుట్టకముందే వేలూరులో చెయ్యగలిగిన పనికి నేనింత భయపడడమేమిటని ధైర్యం చెప్పుకుంటూ బల్ల మీద పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి నర్సమ్మ సంచీలో మూత్రం చూపించి, "వస్తోందండీ" అంది. ఎనిమిది నెలల తరువాత అంత మంచి మాట వినలేదు.

ఇహ అసలు విషయం, డబ్బు.

నేను పనిచేసేది ఒక ప్రైవేటు సంస్థలో. జీతం 16,800 రూపాయలు. ఇ.ఎస్.ఐ. కోత వుంది. నెల నెలా జీతంలోంచి ఆ చిన్న మొత్తం తీసేస్తుంటే, తొమ్మిదేళ్లుగా నేనూ మీలాగే విసుక్కున్నాను. 1948లో చట్టం చేసి, 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఆ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. పేరు మారినా మనకు కావలసింది లోపలి సరుకు. నా ఆపరేషను ఖర్చు దాని ద్వారానే గడిచింది. లేకపోతే ఇల్లు అమ్మినా చాలేది కాదు, ఎందుకంటే ఇల్లు అద్దెది.

జబ్బు పడి పనికి పోలేని రోజులకు ఇ.ఎస్.ఐ. డబ్బిస్తుంది. మామూలు జబ్బుకు సంవత్సరంలో 91 రోజుల దాకా సగటు దినసరి జీతంలో నూటికి 70 వంతు. దీర్ఘవ్యాధుల పట్టికలో వున్న రోగమైతే, ఆ 91 రోజులూ అయిపోయిన తరువాత నూటికి 80 వంతు చొప్పున పొడిగిస్తారు. అవసరాన్ని బట్టి అది రెండేళ్ల దాకా పోవచ్చు. దానికి రెండేళ్ల సర్వీసు వుండాలి, చందా కట్టిన రోజుల లెక్క సరిపోవాలి. మూత్రపిండాలు పూర్తిగా పాడవడం ఆ పట్టికలో వుంది. నా లెక్క రోజుకు 392 రూపాయలు, పొడిగింపులో 448 రూపాయలు.

కాగితం మీద అంతా బాగానే వుంది. కాని డయాలిసిస్ రోజులకే 91లో 51 వాడేశాను. ఆపరేషను తరువాత మిగిలినవి 40. అవి డిసెంబరు నెలాఖరుకు అయిపోయాయి. పొడిగింపు మంజూరు కావాలి. ఇక్కడే నా పేరు నాకు శత్రువయింది.

మన తెలుగువారికి ఇంటిపేరు ముందు. ఇక్కడి స్కూలులో దాన్ని వెనక్కి తోశారు. ఆధారు కార్డులో ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించుకుపోయింది. ఇ.ఎస్.ఐ. కార్డు నింపేటప్పుడు నేనే, పొడుగ్గా వుంటే గౌరవంగా వుంటుందని, ఇంటిపేరు పూర్తిగా రాశాను. ఆపరేషను కాగితంలో రావు కాస్తా వేరే స్పెల్లింగుతో వచ్చింది. ముగ్గురు మనుషులు ఒకే మూత్రపిండం కోసం డబ్బడుగుతున్నట్టు తయారయింది ఫైలు. కౌంటరులో గుమాస్తా ఒడియా ఆయన, చాలా మంచివాడు. "ఆజ్ఞా, మీరు ముగ్గురూ ఒక్కరే అని అఫిడవిట్టు తెండి" అన్నాడు. తప్పు ఆయనది కాదు, నాది. తొమ్మిదేళ్లు ఇతరుల కాగితాలు సరిచూసే ఉద్యోగం చేసి, నా కాగితాలు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అవి సరిపడి మంజూరు కాగితం చేతికి వచ్చేసరికి మూడున్నర నెలలు పట్టింది.

ఆ మూడున్నర నెలలూ ఇంట్లో జమ సున్నా. ఖర్చు చెపుతాను. అద్దె 4,500. పాప కాలేజీ, బాబు స్కూలు. పరీక్షలకు విశాఖ ప్రయాణాలు, మొదట వారం వారం, తరువాత పక్షానికి ఒకసారి. కొత్త మూత్రపిండాన్ని ఒళ్లు పరాయిదనుకుని తరిమెయ్యకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ అని మూడు రకాల మందులు. అవి బతికినంతకాలం వుంటాయి. మొదటిది గడియారం చూసి పన్నెండు గంటలకొకసారి మింగాలి. పంపర పనస తినకూడదు, మందు మోతాదు ఒంట్లో తారుమారవుతుంది. పంపర పనస తోటలున్న ఊరి ఆడపడుచు కిడ్నీ నా ఒంట్లో చేరి ఆ పండుకు నన్ను దూరం చేసింది. మొదటి నెలల్లో జనంలోకి పోరాదు, దుమ్ములో కూర్చోరాదు, బరువెత్తరాదు. మొత్తం మీద, ఇంట్లో అందరికంటె ఎక్కువ ఖర్చు పెట్టేవాణ్ణి, తక్కువ పనిచేసేవాణ్ణి నేనే.

జనవరిలో, సంక్రాంతి వెళ్లిన తరువాత, ఒక ధాన్యం వ్యాపారి కబురు చేశాడు. మావాడే, పాత స్నేహం. "గుమాస్తాగారూ, వూరికే కూర్చుని ఏం చేస్తారు, నా చిట్టా ఆవర్జాలు మూడు నెలలుగా ఎక్కలేదు. రోజుకు 150 ఇస్తాను, కుర్చీలో కూర్చుని రాసేదే" అన్నాడు. కుర్చీలో కూర్చుని రాయడం జబ్బు మనిషికి కష్టమా? ఇంట్లో మా ఆవిడ మెడలోని గొలుసు అప్పటికే బ్యాంకులో వుంది. పోయాను.

పదకొండు రోజులు రాశాను. ఆ కుర్చీ గోదాము గుమ్మంలో వుంది. బస్తా దింపినప్పుడల్లా పొట్టు, దుమ్ము లేచేవి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను గాని, లెక్క చెప్పడానికి దాన్ని దించేవాణ్ణి. పదకొండో రోజు రాత్రి జ్వరం. మరునాడు విశాఖ తీసుకుపోయారు. మూడు రోజులు ఆసుపత్రిలో వుంచి, అదృష్టం బాగుండి, కొత్తదానికి దెబ్బ తగలకుండానే పంపించారు. డాక్టరుగారు కేకలెయ్యలేదు. మెల్లగా, "ఆ కిడ్నీ మీది కాదండీ, మీ అక్కగారిది. అది గుర్తుంచుకుని పనులు చెయ్యండి" అన్నారు. కేకలేస్తే బాగుండేది.

ఇంటికి వచ్చిన తరువాత డబ్బు కోసం నింపవలసిన కాగితం తీశాను. ఆ రోజుల్లో పనిచెయ్యలేదని, జీతం పుచ్చుకోలేదని సంతకం పెట్టాలి. పనిచేసిన రోజుకు జబ్బు డబ్బు రాదు. జబ్బు నయం కావడానికి అడ్డువచ్చే పని చెయ్యకూడదు. ఈ రెండు నియమాలూ ఆ చట్టంలో మొదటి నించీ వున్నాయి. తొమ్మిదేళ్లు చందా కట్టాను గాని చదవలేదు.

ఆ పదకొండు రోజుల సంగతి ఎవరికీ తెలియదు. వ్యాపారి నా పేరు ఏ రిజిస్టరులోనూ రాయలేదు, రాస్తే పుస్తకం రాసింది నేనే గదా. సంతకం పెట్టేస్తే 448 చొప్పున పదకొండు రోజులకు 4,928 రూపాయలు వస్తాయి. పెట్టకపోతే, రోజుకు 150 చొప్పున వచ్చిన 1,650 మాత్రమే నా సంపాదన. అంటే పనిచేసి నేను నష్టపోయింది 3,278 రూపాయలు. ఏ లెక్కల పుస్తకంలోనూ ఇలాంటి పద్దు నేను చూడలేదు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మంచి మాటలు చెప్పుకోవడం తేలికే. మందులు కొనవలసిన నెలలో ఐదువేలు వదులుకోవడం తేలిక కాదు. ఉదయం కౌంటరు దగ్గరకు పోయి, ఎవరో మిత్రుడి సంగతన్నట్టు అడిగాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, "ఆజ్ఞా, మీ మిత్రుడితో చెప్పండి. పనిచేసిన రోజులు వదిలేసి మిగిలిన రోజులకు రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు. చేసి, చెయ్యలేదని రాస్తే అది వేరే సంగతి, దానికి శిక్ష వుంది" అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "ఆ పదకొండు రోజులూ వదిలెయ్యండి. లేకపోతే గుమ్మంలో సైకిలు బెల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడతారు. అసలే మీకు రక్తపు పోటు" అంది. అంతే. వదిలేశాను. ధర్మం కోసమని చెప్పుకోను, రక్తపు పోటు కోసం.

ఇంకొక దారి చూపించిన హితులు కూడా వున్నారు. ఆంధ్ర ప్రభుత్వం 2024 జులై నించి ఎన్టీఆర్ భరోసా కింద, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్న పేదలకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. "మీ అప్పగారిది ఇచ్చాపురమే గదా, వాళ్ల రేషను కార్డులో మీ పేరు ఎక్కించెయ్యండి, మనవాళ్లు ఎందరు అలా చెయ్యడం లేదు" అన్నారు. నిజమే, చేసినవాళ్లు నాకూ తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం ఇటు వచ్చింది, ఇచ్చాపురం అటు మద్రాసులో వుండిపోయింది. ఆ గీత మా తాతగారిని అడిగి గీయలేదు. గీతకు అటు వున్న తెలుగు రోగికి పదివేలు, ఇటు వున్న తెలుగు రోగికి ఆ పద్దు లేదు. మూత్రపిండం మాత్రం గీత దాటి వచ్చింది. ఇది చూస్తే ఎవరికైనా ఉక్రోషం వస్తుంది. అయినా ఇక్కడి ఓటు, ఇక్కడి రేషను, ఇక్కడి ఇ.ఎస్.ఐ. తింటూ అక్కడ కూడా వున్నట్టు రాయడం ఒకే ఖర్చు రెండు చిట్టాల్లో రాయడం. పైగా కార్డు అప్పది. రేపు తనిఖీలో తేలితే ఇరుక్కునేది ఆమె. కిడ్నీ ఇచ్చినదాని రేషను కూడా పోగొట్టనా?

వికలాంగుల సర్టిఫికెట్టు తెచ్చుకోమన్నవారూ వున్నారు. 2016 నాటి చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. నెత్తురుకు సంబంధించినవి వున్నాయి గాని, మూత్రపిండం చెడిపోవడం ఆ ఇరవయ్యొకటిలో లేదు. మేడ మెట్లు రెండు ఎక్కితే ఆయాసపడేవాణ్ణి. అయినా చట్టం కంటికి నేను నిక్షేపంగా వున్న మనిషిని. ఇది ఎప్పటికైనా చట్టం చేసేవారు ఆలోచించవలసిన సంగతి.

మరి ఆ నెలలు ఎలా గడిచాయంటారా? అప్పడాల మీద. బరంపురం అప్పడాలకు, ఊరగాయలకు పేరని మీకు చెప్పనక్కరలేదు. మా ఆవిడ, పక్కింటి ఒడియా అమ్మా కలిసి మినప్పిండి కలిపి, ఇంట్లో ఒత్తి, డాబా మీద ఎండబెట్టి, అప్పడాల కంపెనీలకు కాక నేరుగా ఇళ్లకు అమ్మారు. మొదటి నెల ఖర్చులు పోను 2,100 మిగిలింది. మూడో నెలకు 3,900. పాప సాయంత్రం ఇద్దరు పిల్లలకు పాఠం చెప్పింది. నేనేం చెయ్యాలి? కౌంటరు గుమాస్తాను మళ్లీ అడిగాను, ఈసారి మిత్రుడి పేరు చెప్పకుండానే. "మీ ఆవిడ సంపాదన మీ జీతం కాదు. మీరు మాత్రం పిండి పిసకకండి" అన్నాడు. అంచేత నేను మంచం మీద కూర్చుని కాకుల్ని తోలాను. కాకుల్ని తోలడం ఉద్యోగమా కాదా అని ఏ చట్టంలోనూ రాయలేదనుకుంటాను. ఇరవయ్యేళ్లుగా ఇంటికి జీతం తెచ్చేవాణ్ణని మీసం దువ్వుకున్న మనిషికి, భార్య ఒత్తిన అప్పడాల మీద బతుకుతూ కాకుల్ని తోలడం ఒక చదువు. నేను మెట్రిక్ తరువాత చదివిన చదువు అదే.

ఏప్రిల్ నెలాఖరున మంజూరయింది. వెనకటి నెలల బాకీ, పదకొండు రోజులు పోను, ఒక్కసారి బ్యాంకులో పడింది. గొలుసు విడిపించాను. జూను నించి మళ్లీ ఆఫీసుకు పోతున్నాను, దుమ్ము లేని గదిలో కూర్చోబెట్టారు. ఇక్కడితో పద్దులన్నీ సరిపోయాయని గీత కొట్టవచ్చు. కాని ఒక పద్దు మిగిలింది. దాని కోసమే ఈ నెల ఇదంతా రాశాను.

అది అప్ప పద్దు.

నాకు జబ్బు గనక ఎంతో కొంత డబ్బు వచ్చింది. ఆమెకు జబ్బు లేదు. ఆరోగ్యంగా వుంది గనకనే కోశారు. ఆపరేషను తరువాత మూడు నెలలు బట్టీకి పోలేదు. బరువెత్తకూడదు, వంగి కూర్చోకూడదు. కిలో లెక్కన కూలి తీసుకునే మనిషికి ఒలవని రోజుకు కూలి ఎవరిస్తారు? కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగులలో అవయవం ఇచ్చినవారికి 42 రోజులు ప్రత్యేక సెలవు ఇవ్వాలని 2023లో ఉత్తర్వు చేసింది. మంచి పని. కాని జీడిపప్పు ఒలిచే అప్పకు ఆ ఉత్తర్వు ఎక్కడ వర్తిస్తుంది? ఇచ్చిన మనిషి కూలి పోతే, పుచ్చుకున్నవాడు ఇవ్వబోతే, అది కిడ్నీకి వెల కట్టినట్టవుతుందేమోనని ఆమెకు బిడియం, నాకు భయం. ఆసుపత్రిలో అడిగితే, ఇచ్చినవారికి అయిన దారి ఖర్చులు, పోగొట్టుకున్న కూలి భర్తీ చెయ్యడం అమ్మకం కిందికి రాదని చెప్పారు. ఆ మాట ముందే తెలిస్తే బాగుండేది.

బాకీ డబ్బు వచ్చిన వారం ఇచ్చాపురం పోయాను. మూడు నెలల కూలి లెక్క కట్టి, కవరులో పెట్టి, బావ చేతికి ఇస్తే ఆయన అప్ప కేసి చూశాడు. అప్ప కవరు విప్పి, లెక్క చూసి, అందులోంచి కొంత తీసి నా జేబులో కుక్కింది. "సంక్రాంతి వారం బట్టీ మూసేశారు, నువ్వు ఆ వారానికి కూడా కట్టావు. దొంగ లెక్క నాకెందుకు" అంది. నా పదకొండు రోజుల సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

వెనక్కి రైలులో కూర్చుంటే కడుపు మీద కుడి పక్క చెయ్యి వేసుకున్నాను.

చివరగా, అనుభవం మీద నాలుగు మాటలు, పెద్దరికం కాదు. నలభై దాటినవారు రక్తపు పోటు, చక్కెర చూపించుకోండి, మాత్రలు మానకండి. మీ కార్డులన్నీ ఒక ఆదివారం చాప మీద పరిచి, ఇంటిపేరు, పేరు అన్నింటిలో ఒకేలా వున్నాయో లేదో చూసుకోండి. బయటి రాష్ట్రాల్లో వున్న మనకు ఇది మరీ అవసరం. జీతంలో ఇ.ఎస్.ఐ. కోత వున్నవారు దాని నియమాలు ఒంట్లో బాగున్నప్పుడే చదవండి, మారుతూ వుంటాయి గనక దగ్గరి ఆఫీసులో అడగండి. డబ్బు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఏదైనా పని ఒప్పుకునే ముందు డాక్టరును ఒకసారి, కౌంటరును ఒకసారి అడగండి. మీ ఇంట్లో ఎవరైనా అవయవం పుచ్చుకుంటే, ఇచ్చినవారి కూలి సంగతి మొదటి రోజునే మాట్లాడుకోండి, మొహమాటపడకండి.

అప్పడాల వ్యాపారం ఆపలేదు. ఇప్పుడు కాకుల్ని బాబు తోలుతున్నాడు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. సెలవు.

— మీ గుమాస్తా